శిక్షణ ముగిసిన ఆర్నెల్లకు

(జాతీయ చేనేత దినోత్సవం నాడు వరంగల్ కొత్తవాడలో, ఈ వాడలో నేసి కన్నుమూసిన కార్మికుల స్మృతిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



స్మారకోపన్యాసం అంటే వేదిక మీద ఒక ఫొటో ఉంటుంది. దండ వేస్తారు, ఆ పెద్దమనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్తారు, ఆ తరవాత వక్త ముందే రాసుకొచ్చింది చదువుతాడు. ఈ సభలో ఫొటో లేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసి వెళ్ళిపోయినవాళ్ళందరికీ కలిపి పెట్టిన సభ ఇది. వాళ్ళలో చాలామంది పేర్లు చేనేత సొసైటీ పాత రిజిస్టర్లలో తప్ప ఇంకెక్కడా దొరకవు. వాళ్ళు వదిలిపోయింది మరొకరి చేతుల్లోకి ఎక్కించిన పని. ఆ పని ఎక్కిన చేతుల్లో ఎంతకాలం నిలుస్తుంది, ఎందుకు నిలుస్తుంది, ఎప్పుడు జారిపోతుంది అన్నదే ఇవాళ్టి నా విషయం.

నేను నేతగాణ్ణి కాను. వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టర్ని. మగ్గం గురించి ఏదైనా తేడాగా చెబితే సభలోనే దిద్దండి, మొహమాటపడకండి. చెయ్యి గురించి, చేతిని నడిపించే మెదడు గురించి మాత్రం కొంత చెప్పగలను.

ఒక అమ్మాయి శిక్షణకు వస్తుంది. కొన్ని వారాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మగ్గం మీద కూర్చుంటుంది. మొదట్లో నాడె ఒక పక్కకు, చూపు ఒక పక్కకు, కాలు ఇంకో పక్కకు పోతాయి. రెండో వారానికి దారికి వస్తుంది. ఆఖరి రోజు అధికారులు వస్తారు, ఆ అమ్మాయి వాళ్ళ ముందు చక్కగా జానెడు నేస్తుంది, చప్పట్లు, సర్టిఫికెట్, గ్రూపు ఫొటో. ఆర్నెల్ల తరవాత అదే అమ్మాయిని మళ్ళీ మగ్గం ముందు కూర్చోబెడితే ఆ చేతుల్లో ఏం మిగిలి ఉంటుంది? నేను చూసిన శిక్షణ కాగితాల్లో ఎంతమంది చేరారో ఉంది, ఎంతమంది పూర్తిచేశారో ఉంది, ఈ ప్రశ్నకు గడి లేదు.

2018లో వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకు, భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందు 1851లోనే లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు. ఆ సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. అయితే గుర్తింపు పత్రం పేరును కాపాడుతుంది గాని చేతిని కాపాడదు. పేరు మిగిలి చెయ్యి పోయిన వృత్తులు మన జిల్లాల్లోనే ఎన్నో ఉన్నాయి.

చెయ్యి ఎలా పోతుందో తెలియాలంటే మరుపు దగ్గర మొదలుపెట్టాలి. మనిషి మరుపును మొదటిసారి కొలిచి లెక్క రాసినవాడు జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్, 1885లో. అర్థం లేని అక్షరాల ముక్కలు వల్లెవేసి, మళ్ళీ నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో తనమీద తనే చూసుకున్నాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయింది. బడిలో పద్యం అప్పజెప్పిన ప్రతివాడికీ ఇది అనుభవమే. చాలాకాలం చాలామంది శాస్త్రవేత్తలు జ్ఞాపకం అంటే ఇదొక్కటే అనుకున్నారు. మాటకైనా, ముఖానికైనా, చేతిపనికైనా ఒకే కొట్టు, ఒకే తాళం అన్నది వాళ్ళ ఊహ.

ఆ ఊహను ఒక్క మనిషి తలకిందులు చేశాడు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో 1953లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛ తగ్గించడానికి మెదడులో రెండు పక్కలా లోపలి భాగం కొంత తీసేశారు. మూర్ఛ చాలావరకు తగ్గింది. దాంతోపాటు కొత్త జ్ఞాపకం పుట్టడం ఆగిపోయింది. ఇప్పుడు పలకరించి వెళ్ళిన డాక్టరు కాసేపటికి తిరిగి వస్తే మళ్ళీ కొత్త మనిషే. అతన్ని పరీక్షించడానికి బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త వచ్చింది. కాగితం మీద రెండు గీతలతో గీసిన నక్షత్రం ఉంటుంది. చెయ్యి కనపడకుండా అడ్డు పెట్టి, అద్దంలో మాత్రమే చూస్తూ ఆ రెండు గీతల నడుమ పెన్సిల్ నడపాలి. ఎవరికైనా మొదట చెయ్యి ఎదురు తిరుగుతుంది. హెన్రీకీ తిరిగింది. మూడు రోజులు చేయించింది. మూడో రోజుకు అతని గీతలో తప్పులు బాగా తగ్గాయి. కాని ప్రతిరోజూ ఆ పని తనెప్పుడూ చేయలేదనే అతను అన్నాడు. నేర్చుకున్న సంగతి గుర్తులేదు, నేర్చుకున్నది చేతిలో ఉంది. చాలా ఏళ్ళ తరవాత మరికొందరు పరీక్షించినప్పుడు, దాదాపు ఏడాది విరామం ఇచ్చినా ఆ నేర్పు అతనిలో నిలిచే ఉందని తేలింది. బతికినంతకాలం అతన్ని శాస్త్రలోకం రెండు అక్షరాలతోనే పిలిచింది. 2008లో చనిపోయాకే పేరు బయటపెట్టారు.

అంటే చేతిపని దాచుకునే చోట్లు వేరు. వెనక తల కింద ఉండే చిన్నమెదడు, మెదడు లోతులో ఉండే కేంద్రకాలు, చేతిని కదిలించే పైపొర, ఇవన్నీ కలిసి పంచుకునే పని అది. దానికి మాటల సాయం అంతగా అక్కర్లేదు. కొత్తవాడలో ఏ పెద్దాయన్నైనా "కాలు తొక్కడం ముందా, నాడె ఇసరడం ముందా?" అని అడిగి చూడండి. ఒక్క నిమిషం ఆగి, గాల్లో చేతులు, కింద కాళ్ళు కదిపి చూసుకుని అప్పుడు జవాబు చెప్తాడు. చేసి చూసుకుంటే తప్ప తను చేసేది ఏమిటో తనకే తెలియదు. "అది చెప్తె అచ్చేది కాదు బిడ్డా, కూసోవాలె" అనడంలో ఉన్న శరీరధర్మశాస్త్రం అంతా ఇదే.

ఇక కొత్తగా నేర్చుకున్న పని సంగతి. నిలిచిపోయిన నేర్పు వేరు, ఇవాళ పొద్దున పట్టుబడిన నేర్పు వేరు. 1996లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన బ్రాషర్స్-క్రుగ్, షాద్‌మెహర్, బిజ్జీ ఒక ప్రయోగం చేశారు. మనిషి ఒక యంత్రపు పిడిని పట్టుకుని గురి వైపు జరపాలి. యంత్రం చేతిని పక్కకు తోస్తూ ఉంటుంది. కాసేపట్లో చెయ్యి ఆ తోపుకు అలవాటుపడి తిన్నగా పోతుంది. అప్పుడు తోపును వ్యతిరేక దిశకు తిప్పి రెండో పాఠం నేర్పారు. మొదటి పాఠం అయిన వెంటనే రెండోది నేర్పితే, మర్నాడు మొదటిది నేర్చుకోనట్టే ఉంది. మధ్యలో విరామం పెరిగేకొద్దీ ఆ నష్టం క్రమంగా తగ్గింది. నాలుగు గంటలు ఆగి నేర్పితే మొదటిది చెక్కుచెదరలేదు. ఆ మరుసటి సంవత్సరం షాద్‌మెహర్, హోల్‌కోంబ్ మెదడు రక్తప్రసరణను కొలిచి చూశారు. నేర్చుకున్న ఐదారు గంటల్లో ఆ పని బరువు మెదడు ముందరి భాగం నుంచి చిన్నమెదడు, చలనానికి సంబంధించిన ఇతర భాగాల వైపు జరిగింది. కొత్త నేర్పు గంజి పెట్టిన పడుగు లాంటిది. ఆరేదాకా దాన్ని మగ్గం ఎక్కించకూడదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. 2004లో మరో బృందం ఇలాంటి ప్రయోగాలే మళ్ళీ చేసి, ఒకరోజు ఆగి వ్యతిరేక పాఠం నేర్పినా మొదటిది దెబ్బతింటోందని చూపింది. శాస్త్రం తీర్పు ఇంకా పూర్తిగా రాలేదు. గంటల లెక్క మీద తగాదా ఉంది గాని, కొత్త నేర్పు పెళుసుగా ఉంటుందన్న మాట మీద పెద్ద తగాదా లేదు. పైగా యంత్రపు పిడి జరపడం జంపఖానా నేయడం కాదు. ఆ సాధన కొద్దిసేపట్లో అయిపోతుంది. మన పనిలో రెండు చేతులు, రెండు కాళ్ళు, చూపు, చెవి అన్నీ ఒకేసారి నడవాలి. ప్రయోగశాల నుంచి వాడకు వచ్చేటప్పుడు ప్రతి మాటను ఒకసారి మగ్గం మీద పెట్టి చూసుకోవాలి.

నిద్ర మీద కూడా ఇలాంటి కథే ఉంది. 2002లో హార్వర్డ్‌లో వాకర్, అతని సహచరులు కంప్యూటర్ మీటల మీద నాలుగు వేళ్ళతో ఒక వరుస కొట్టడం నేర్పారు. పగలంతా ఆగి కొట్టించినవాళ్ళలో పెద్ద తేడా లేదు. రాత్రి నిద్రపోయి లేచినవాళ్ళు సుమారు 20 శాతం వేగంగా కొట్టారు, మధ్యలో ఒక్కసారి కూడా సాధన చేయకుండానే.  తరవాత 2008లో రికార్డ్ బృందం, ఆ లాభంలో కొంత భాగం ముందురోజు అలసట తీరడం వల్ల కనపడిందేనని చూపింది. అలసిన చెయ్యి తనకు వచ్చినంత చూపించలేదు. నిద్ర కొత్తగా కలిపిందెంత, అలసట తీరి బయటపడిందెంత అన్నది ఇంకా లెక్క తేలని విషయం. ఏదైనా గాని, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే రోజు నూరిపోస్తే చెయ్యి తిరుగుతుందనే మాట మాత్రం నిలవదు.

ఇంకో సంగతి నాకు చాలా విలువైనదిగా తోచింది. 2006లో స్మిత్, ఘాజీజాదే, షాద్‌మెహర్ ఒక నమూనా ప్రతిపాదించారు. కొత్త పనిని మెదడులో ఒకేసారి రెండు ప్రక్రియలు అందుకుంటాయి. ఒకటి తొందరగా నేర్చుకుని తొందరగా మరిచిపోతుంది. రెండోది నెమ్మదిగా నేర్చుకుని నెమ్మదిగా మరిచిపోతుంది. శిక్షణ మొదటి రోజుల్లో మన కళ్ళకు కనపడే అభివృద్ధిలో ఎక్కువ భాగం ఆ తొందరదే. నిలవబోయేది లోపల నింపాదిగా పెరుగుతూ ఉంటుంది, పైకి కనపడదు. ఆఖరి రోజు అధికారి ముందు ఆ అమ్మాయి నేసిన జానెడులో ఈ రెండూ కలిసి ఉంటాయి. ఎంత తొందరది, ఎంత నిలవబోయేది అని ఆ రోజు ఏ పరీక్షా చెప్పలేదు. కొన్నాళ్ళు పోవాలి. అందుకే ఆఖరి రోజు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష నా దృష్టిలో తప్పు రోజున పెట్టిన పరీక్ష.

బాగా పట్టుబడిన పని ఎంతకాలం నిలుస్తుందో కూడా చూద్దాం. 1962లో అమెరికాలో ఫ్లీష్‌మన్, పార్కర్ విమానం నడపడానికి దగ్గరగా ఉండే ఒక చేతిపనిని కొందరికి బాగా నేర్పి, కొందరికి కొన్ని నెలల విరామం, మరికొందరికి రెండేళ్ళ విరామం ఇచ్చారు. రెండేళ్ళ తరవాత కూడా దాదాపు ఏమీ పోలేదు. పోయిన కాస్తా కొద్ది నిమిషాల సాధనతో తిరిగి వచ్చింది. ఆగకుండా సాగే పనికి ఈ లక్షణం ఉంది. సైకిల్ తొక్కడం, ఈత, రోకలి పోటు అన్నీ ఈ జాతివే. నాడె, పలక, తొక్కుడు చెక్క కలిసి ఆడే లయ కూడా ఇదే జాతి.

దీనికి విరుద్ధమైన జాతి ఒకటి ఉంది. ఒకదాని తరవాత ఒకటి విడివిడిగా చేయాల్సిన మెట్లు, ఒక్క మెట్టు తప్పితే మొత్తం తప్పే పనులు. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ఊపిరి ఊదే పద్ధతిని మేం వైద్య విద్యార్థులకు, నర్సులకు నేర్పిస్తాం. నేర్పిన రోజు అందరూ పాసవుతారు. మూడు నుంచి ఆరు నెలల్లో ఆ నేర్పు గణనీయంగా తగ్గుతుందని చాలా దేశాల్లో పరీక్షలు చూపాయి. వరుస మరిచిపోతారు, లోతు మరిచిపోతారు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల తక్కువ సేపు, ఎక్కువసార్లు మళ్ళీ మళ్ళీ చేయిస్తున్నారు.

మగ్గం పనిలో ఈ రెండు జాతులూ ఉన్నాయి. నాకు దొరికిన అసలు విషయం ఇదే. సూరత్‌కో భివండీకో పోయి ఏళ్ళ తరబడి సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసి వచ్చినవాళ్ళను నేను ఈ వాడలో కలిశాను. గుంటమగ్గంలో దిగి కూర్చుంటే, కాసేపట్లోనే నేత లయ తిరిగి వచ్చిందని అందరూ చెప్పారు. మొదటి రెండు మూడు బెత్తలు ఒదులుగా వస్తాయి, అంచు ఒంకరపోతుంది, ఆ తరవాత చెయ్యి తనే సర్దుకుంటుంది. అయితే పాత పడుగు చివరకు కొత్త పడుగు పోగుపోగునా అతకడం, పన్నెలో పోగులు తీయడం, ఏ రంగు ఎన్ని పోట్లకు మారాలి, బొమ్మ ఎక్కడ తిరగాలి, పక్కపక్క రంగుల పేకలను ఎక్కడ మెలిపెట్టాలి అన్నవి అంత తేలిగ్గా తిరిగి రాలేదు. పక్కింటి పెద్దాయన్ను పిలవాల్సి వచ్చింది. పిలవడానికి పెద్దాయన ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

సాంచా మీద పనిచేసిన చెయ్యికి ఇంకో చిక్కు కూడా ఉంది. దారం అదే, బట్ట అదే, చెయ్యి చేసే పని వేరు. సాంచా దగ్గర మనిషి తెగిన పోగు కోసం కాపలా కాస్తాడు, తెగినప్పుడు పరుగెత్తుతాడు. మగ్గం మీద మనిషి తనే యంత్రం. 1934లో వరంగల్లో ఆజంజాహి మిల్లు పెట్టినప్పుడు ఈ తరహా మార్పు ఊళ్ళోకే వచ్చింది. ఒక పనికి అలవాటుపడిన కదలిక దగ్గరి పోలిక ఉన్న మరో పనికి అడ్డం పడటం ఆ యంత్రపు పిడి ప్రయోగంలో చూసిన సంగతే. అయితే ఇది చూడండి. కొత్తగా నేర్చుకున్నవాడిని సాంచా తొందరగా చెరిపేస్తుంది. పదేళ్ళు మగ్గం మీద కూర్చున్నవాణ్ణి చెరపలేకపోతుంది. శిక్షణ ముగిసిన మర్నాడే పిల్లలు మిల్లుకో, మరో పనికో పోతున్నారంటే పోయేది ఏమిటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మరిచిపోవడమే మంచిదైన చేతిపనీ ఉంది. పోచంపల్లి తరహా చీరలకు ఆసు పోయడం అలాంటిది. ఒక్క చీరకు ఇంటి ఆడవాళ్ళు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి, భుజాలు పడిపోతాయి. తల్లి లక్ష్మి పడిన ఆ బాధ చూసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ చేతి నేర్పు పోయిందని ఎవరూ ఏడవనక్కర్లేదు. చేతిపని అంతా పవిత్రమే, అంతా నిలబెట్టాలి అనే వాదం మగ్గం మీద కూర్చోనివాళ్ళు చేసేది. దేన్ని నిలబెట్టాలి, దేన్ని యంత్రానికి ఒప్పజెప్పాలి అనేది నేసేవాళ్ళు తేల్చాలి.

ఇక నేర్పే పద్ధతి. 1978లో వెలువడిన ఒక అధ్యయనం సంగతి చెప్తాను. బ్రిటన్ తపాలా శాఖ తన పోస్ట్‌మెన్‌లకు టైపింగ్ నేర్పించాల్సి వచ్చింది. బ్యాడ్లీ, లాంగ్‌మన్ ఆ అవకాశం వాడుకుని వాళ్ళను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజుకు ఒక్క గంట. మరో గుంపుకు రోజుకు రెండు గంటల చొప్పున రెండు విడతలు. రోజుకు గంట నేర్చుకున్నవాళ్ళు సుమారు 55 గంటల సాధనతో చేరుకున్న చోటికి, రోజుకు నాలుగు గంటలవాళ్ళకు దాదాపు 80 గంటలు పట్టింది. నెలల తరవాత చూసినా నాలుగు గంటలవాళ్ళే వెనకబడ్డారు. తమాషా ఏమిటంటే, తమ శిక్షణ మీద బాగా తృప్తిగా ఉన్నది ఆ నాలుగు గంటలవాళ్ళే. రోజుకు గంటవాళ్ళు అసంతృప్తిగా ఉన్నారు, ఎందుకంటే రోజుల లెక్కలో వాళ్ళది చాలా ఆలస్యంగా సాగింది. నేర్చుకునేవాడికి, నేర్పేవాడికి, డబ్బిచ్చే ఆఫీసుకు, ముగ్గురికీ నచ్చే పద్ధతి అన్నిటికంటే తక్కువగా నిలిచే పద్ధతి కావచ్చన్నమాట.

దానికి తోడు 1979లో షియా, మోర్గన్ చేసిన ప్రయోగం. చిన్న చెక్క అడ్డాలను మూడు రకాల వరుసల్లో తట్టి పడేయాలి. కొందరికి ఒక వరుస పూర్తిగా అయ్యాక రెండోది, అది అయ్యాక మూడోది నేర్పారు. మరికొందరికి మూడూ కలగలిపి నేర్పారు. నేర్చుకునేటప్పుడు కలగలుపువాళ్ళు తడబడ్డారు, నెమ్మదిగా ఉన్నారు. పది రోజుల తరవాత పరీక్షిస్తే వాళ్ళే ముందున్నారు. సాధన రోజున సాఫీగా సాగింది కదా అని పని నిలుస్తుందనుకోవడానికి లేదు.

ఈ రెండు ప్రయోగాలు చదివినప్పుడు నాకు కొత్తవాడ పాత పద్ధతి గుర్తొచ్చింది. ఇంట్లో పుట్టిన పిల్ల మొదట కండెలు చుట్టేది. కొంచెం పెద్దయ్యాక తెగిన పోగు అతికేది. తండ్రి తిండికి లేచినప్పుడు కాసేపు మగ్గం మీద కూర్చునేది. మొదట ఆసనం పట్టా అంత చిన్న ముక్క, ఆ తరవాత పెద్ద జంపఖానా. ఇవాళ గీతల పట్టీ, రేపు పువ్వు, ఎల్లుండి హాస్టల్ ఆర్డరు. రోజుకు కాసేపు, మధ్యలో నిద్ర, మధ్యలో ఆట, రకరకాల పనులు కలగలుపు, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ. ఏ శాస్త్రవేత్తా గీయని శిక్షణా పట్టిక అది, శాస్త్రం చెప్పేదానికి చాలా దగ్గరగా ఉంది. అయితే దాన్ని నేను ఎత్తి చూపి మురిసిపోను. ఆ పట్టికలో బడి లేదు. ఎంతమంది తెలివైన పిల్లలు గుంటమగ్గం దగ్గరే ఆగిపోయారో ఈ సభలో చాలామందికి ఇంటి సంగతే. పిల్లల్ని మళ్ళీ మగ్గం గుంటలోకి దించమని నేను అడగడం లేదు. చదువుకుని, పద్దెనిమిది దాటి, ఇష్టపడి వచ్చిన మనిషికి ఆ పద్ధతిలోని మంచి లక్షణాలు ఎలా ఇవ్వాలి అని అడుగుతున్నాను.

దానికి అడ్డం డబ్బే. రోజుకు గంటో రెండు గంటలో నేర్చుకోమంటే శిక్షణ ఆర్నెల్లు సాగుతుంది. ఆర్నెల్లు ఎవరు పోషిస్తారు? అందుకే అందరూ రోజంతా కూర్చోబెట్టి కొద్ది వారాల్లో ముగిస్తారు. నా లెక్కలో దీనికి మార్గం రోజులో కొంతసేపు నేర్పు, మిగతా పూట సంపాదన. పొద్దున రెండు గంటలు మగ్గం మీద సాధన, మిగతా పూట కండెలు చుట్టడమో, ముడులు వేయడమో, కత్తిరింపో, రోజుకూలి వచ్చే ఏదో ఒక పని. కేంద్ర జౌళి శాఖ 'సమర్థ్' లాంటి శిక్షణ పథకాల్లో ఈ ఏర్పాటు కోరాలి. కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో హైదరాబాదులో 2024లో మొదలైన చేనేత సాంకేతిక సంస్థ ఈ పద్ధతి మీద ఒక పరీక్ష నడిపితే, రోజంతా నేర్పినవాళ్ళు ఒక పక్క, రోజుకు రెండు గంటలు నేర్పినవాళ్ళు ఒక పక్క ఉంచి ఆర్నెల్లకు ఇద్దరినీ మగ్గం మీద చూస్తే, మనకు బ్రిటన్ పోస్ట్‌మెన్ సాక్ష్యం అక్కర్లేకుండా పోతుంది. బాపూజీ జీవితమంతా చేనేత సహకార ఉద్యమంలో గడిపిన మనిషి. ఆయన పేరున్న సంస్థ నుంచి ఇంత అడగడం ఎక్కువ కాదు.

గురువు పక్కన నిలబడి ప్రతి పోటుకూ తప్పు దిద్దడం మీద కూడా ఒక మాట. నేర్చుకునేటప్పుడు ఎడతెగని సలహా పనిని బాగా చూపిస్తుంది, సలహా ఆగిపోగానే పని జారిపోతుంది. ఈ సంగతి 1984 నాటికే సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసి రాశారు. పాత మాస్టర్లు మాటలు తక్కువ ఖర్చుపెట్టేవాళ్ళు. అంచు వంకర పోయిందో లేదో బట్టే చెప్పేది. కొందరు మాస్టర్లు కోపిష్ఠులు కూడా అని విన్నాను, దాన్ని మాత్రం పరిశోధన సమర్థించదు.

నిలవని జాతి పని గురించి మాత్రం తొందరపడాలి. లయ ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఆలస్యంగానైనా పోతుంది, పక్కన కూర్చుంటే పట్టుబడుతుంది. మెట్ల పని అలా కాదు. పడుగు అతికే వరుస, పన్నెలో పోగు తీసే వరుస, ఒక్కో పాత బొమ్మకు రంగు మారే లెక్క పెద్దవాళ్ళ చేతుల్లో, తలల్లో ఉన్నాయి. వాళ్ళు తరచూ చేయని డిజైన్ల లెక్క వాళ్ళలో కూడా పలచబడుతోంది. వీటిని ఇప్పుడే పట్టుకోవాలి. ఫోన్ కెమెరా చాలు. మనిషి ముఖం వైపు కాదు, చేతుల వైపు పెట్టండి. పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, కాళ్ళను విడిగా ఒకసారి. పక్కనే కూర్చుని రంగుల లెక్క గళ్ళ కాగితం మీద రాయండి. ఒక్కో డిజైన్‌కు ఒక్కో ఫైలు. ఇందులో పెద్ద ఖర్చు లేదు, పెద్ద సాంకేతికత లేదు. డిగ్రీ చదివే పిల్లలు ఈ వాడలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, ఆదివారాలు చాలు.

ఒక అభ్యంతరం ఊహించగలను. "సార్, మార్కెట్ లేని పనికి జ్ఞాపకం ఎందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. కూలి గిట్టకపోతే ఏ నేర్పూ నిలవదు, మెదడు ఎంత దాచుకున్నా. హాస్టళ్ళకు కార్పెట్లు కొనే రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో ఆర్డర్లు సమయానికి రావడం, సమయానికి డబ్బు అందడం ఏ శిక్షణకంటే కూడా ముఖ్యం. ఆర్డరు అంటే సాధన కూడా. నెల తప్పి నెల మగ్గం ఆగిపోతే కొత్తగా నేర్చుకున్నవాళ్ళ చెయ్యి ముందు ఆగుతుంది, పాతవాళ్ళది ఆ తరవాత. అందుకని ఆర్డర్లు పంచేటప్పుడు కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు వాటా, అది చిన్నదైనా సరే, ఖాళీ లేకుండా ఇవ్వమని సొసైటీని కోరుతున్నాను. ఒకరికి నెలంతా, మరొకరికి ఏమీ లేకుండా కాకుండా, వారానికి ఇన్ని గంటలు అని అందరికీ.

ఇంకొక్క అభ్యర్థనతో ముగిస్తాను. ఈ ఏడాది శిక్షణ పూర్తిచేసినవాళ్ళ జాబితా సొసైటీ దగ్గర ఉంది. వాళ్ళందరినీ వచ్చే ఫిబ్రవరిలో ఒక పూట పిలవండి. మగ్గాలు పడుగు ఎక్కించి సిద్ధంగా ఉంచండి. ముందుగా సాధన చేయనివ్వకండి, సలహా ఇవ్వకండి. కూర్చున్న తరవాత మొదటి అరగంటలో ఎంత నేశారు, ఎన్ని పోగులు తెంపారు, ఏ మెట్టు దగ్గర ఆగి పక్కవాళ్ళ వైపు చూశారు అని రాసుకోండి. ఆ అరగంట ఎవరినీ పాస్ చేయడానికి, ఫెయిల్ చేయడానికి కాదు. మన శిక్షణను పరీక్షించడానికి. ఆ రోజు లెక్క రాయడానికి కాగితం, పెన్ను పట్టుకుని నేను వస్తాను. తేదీ మీరు చెప్పండి.